పాప కడుపులో వెంట్రుకల ఉండ ఉందని అనుమానం – కోక్ తాగిస్తే కరుగుతుందా, ఆపరేషన్ తప్పదా?

కొత్తపేట అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాపకి పదకొండేళ్లు, ఆరో తరగతి. నాలుగైదు నెలలుగా తిండి బాగా తగ్గిపోయింది. నాలుగు ముద్దలు తినగానే "చాలమ్మా, నిండిపోయింది" అంటుంది. ఇంకో ముద్ద బలవంతంగా పెడితే వాంతి. పొట్ట పైభాగంలో అప్పుడప్పుడు నొప్పి. దగ్గర్లోని డాక్టరు గారు గ్యాస్ అని సిరప్ రాశారు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. యూనిఫాం స్కర్టు నడుము దగ్గర వదులైపోయి పిన్నీసు పెట్టి పంపిస్తున్నాను.

పోయిన వారం పిల్లల డాక్టరు గారికి చూపించాం. ఆయన పొట్ట మీద చెయ్యి వేసి, పక్కటెముకల కింద ఏదో గట్టిగా తగులుతోందని నా చెయ్యి కూడా అక్కడ పెట్టించారు. నిజంగానే ఉంది. నొక్కితే కాస్త సొట్ట పడుతుంది, పక్కకి కదులుతుంది. రక్తం 7.8 ఉంది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో గ్యాస్ వల్ల కడుపు భాగం స్పష్టంగా కనపడలేదని రాశారు. ఆయన పాప జుట్టు పాయలు తీసి చూసి "వెంట్రుకలు నోట్లో పెట్టుకునే అలవాటు ఉందా?" అని అడిగారు. ఎడమ కణత పైన జుట్టు పల్చబడిన మాట నిజమే. పేనుకొరుకుడు అనుకుని ఆయింట్‌మెంట్ రాస్తున్నాం. పాప తల దించుకుంది, ఏమీ చెప్పలేదు. బెజోర్ (కడుపులో అరగకుండా ఉండకట్టిన ముద్ద) అని అనుమానంగా ఉందని సీటీ స్కాన్, ఎండోస్కోపీ రాశారు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. కోక్ తాగిస్తే ఇలాంటి గడ్డలు కరిగిపోతాయని మా మరిది ఏదో వీడియో చూపిస్తున్నాడు. మా అత్తయ్య గారు పసరు మందు తెప్పిస్తానంటున్నారు. యాదగిరిగుట్టలో పాపకి గుండు చేయిస్తానని మొక్కుకున్నారు కూడా. మొక్కుకి నాకు అభ్యంతరం లేదు, కానీ దానితో అలవాటు పోతుందా? ఎండోస్కోపీలోనే తీసేస్తారా, పొట్ట కోయాల్సిందేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పద్మారావునగర్ సిస్టర్:

అమ్మా, ఎండోస్కోపీ గదిలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీ డాక్టరు గారు జుట్టు పాయలు తీసి చూశారన్న మాట చదివాక నాకు ప్రాణం కుదుటపడింది. ఇలాంటి పిల్లలు మా దగ్గరికి వచ్చేసరికి గ్యాస్, అల్సర్, టీబీ, "తిండి దగ్గర మారాం" అని ఎన్నో పేర్లు మోసుకుని వచ్చేవాళ్లు. తల సంగతి ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగనిది పిల్లలు ఎందుకు చెబుతారు?

ముందు కోక్ గురించి. మీ మరిది చూపించిన వీడియోలో అబద్ధం లేకపోవచ్చు, అది వేరే రకం ఉండ గురించి అయి ఉంటుంది. పండ్లు, కూరగాయల పీచు కడుపులో పేరుకుని గట్టిపడితే దాన్ని కరిగించడానికి ఆసుపత్రుల్లో కోలా వాడతారు. 2013లో వచ్చిన ఒక సమీక్షలో అలాంటి 46 మంది వివరాలు కలిపి చూశారు. సగం మందికి కోలాతోనే కరిగింది. మెత్తబడినదాన్ని ఎండోస్కోపీతో ముక్కలు చేసినవాళ్లని కూడా కలిపితే పదిమందిలో తొమ్మిదిమందికి ఆపరేషన్ లేకుండా పోయింది. వెంట్రుక సంగతి వేరు. అది కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్. కడుపులోని యాసిడే దాన్ని అరిగించలేదు, కోలా ఏం చేస్తుంది? పాపకి రోజూ సీసాలు తాగిస్తే ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోయి, వాంతులు ఎక్కువవుతాయి.

పసరు మందు, పచ్చి బొప్పాయి పాలు, విరేచనాల మందు, వాంతి చేయించడం, ఇవేవీ వద్దు. మీ అత్తయ్య గారితో గొడవ పడకుండా "డాక్టరు గారు నోటి ద్వారా ఏదీ ఇవ్వొద్దన్నారు" అని చెప్పేయండి. ముక్క విడిపోయి కిందికి జారితే పేగు మూసుకుపోతుంది. అప్పుడు తాపీగా తేదీ చూసుకుని చేయించుకోవాల్సిన ఆపరేషన్ అర్ధరాత్రి చేయాల్సి వస్తుంది.

అది లోపల ఎలా పెరుగుతుందంటే, వెంట్రుక నున్నగా ఉంటుంది కాబట్టి కడుపు కదలికలకు దొరక్కుండా జారిపోయి మడతల్లో ఇరుక్కుంటుంది. దాని మీద ఇంకోటి, ఇంకోటి చుట్టుకుంటాయి. మధ్యలో అన్నం మెతుకులు, జిగురు చేరతాయి. చివరికి అచ్చులో పోసినట్టు కడుపు ఆకారంలోనే తయారవుతుంది. ఆ వంపు కూడా అలాగే ఉంటుంది. యాసిడ్ వల్ల రంగు నల్లగా మారిపోతుంది, తెల్లజుట్టు తిన్నా సరే. ఇరుక్కున్న తిండి కుళ్లుతుంది కాబట్టి బయటికి తీసినప్పుడు థియేటరంతా వాసన నిండిపోతుంది. అందుకే అడుగుతున్నాను, పాపకి పళ్లు తోముకున్నాక కూడా నోటి వాసన పోవడం లేదా? ఉంటే డాక్టరు గారికి చెప్పండి, అదీ ఒక గుర్తే.

స్కానింగ్‌లో "గ్యాస్ వల్ల కనపడలేదు" అన్నదాన్ని "ఏమీ లేదు" అని అనుకోకండి. వెంట్రుకల ముద్దలో గాలి చిక్కుకుని ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో ముందు అంచు ఒక తెల్లని వంపు గీతలా మెరిసి, వెనకంతా నల్లటి నీడ పడుతుంది. చూసేవాళ్లకి అచ్చం గ్యాస్ లాగే ఉంటుంది. సీటీలో అయితే కడుపు నిండా మచ్చలు మచ్చలుగా, మధ్యమధ్య గాలి బుడగలతో, గోడకి అంటుకోకుండా ఉన్న ముద్ద తేలిగ్గా తెలుస్తుంది. ఇంకో ముఖ్యమైన పని కూడా సీటీతో అవుతుంది. కొందరిలో ఆ ముద్దకి తోక పెరిగి కడుపు దాటి చిన్నపేగులోకి దిగుతుంది. దాన్ని రపంజెల్ సిండ్రోమ్ అంటారు, 1968లో పెట్టిన పేరు. తోక ఉందో లేదో సర్జన్‌కి ముందే తెలియాలి. అలాగే పేగుల్లో ఎక్కడైనా విడి ముక్కలు ఉన్నాయేమో కూడా.

ఎండోస్కోపీ చేస్తే కళ్లతో చూసినట్టే. లోపలికి వెళ్లగానే జిగురు పట్టి మెరుస్తున్న వెంట్రుకల చుట్ట కనపడుతుంది, సందేహమే ఉండదు. అయితే అక్కడే తీసేయడం చాలా అరుదు. ఫోర్సెప్స్‌తో పట్టుకుని లాగితే పది వెంట్రుకలు వస్తాయి, మిగతాదంతా అల్లుకుని ఉంటుంది. పదే పదే లోపలికీ బయటికీ తిప్పితే ఆహారనాళం గీరుకుపోతుంది. 2010లో వచ్చిన ఒక సమీక్షలో 108 మంది వివరాలు ఉన్నాయి. ఎండోస్కోపీతో తీయడానికి ప్రయత్నించినవాళ్లలో 5 శాతం మందికే అది కుదిరింది. పొట్ట తెరిచి చేసినవాళ్లలో 99 శాతం మందికి కుదిరింది. చిన్న ముద్ద అయితే కొన్నిచోట్ల ల్యాపరోస్కోపీతోనూ, అంటే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి, తీస్తారు. చేతికి తగిలేంత పెద్దది అంటున్నారు కాబట్టి ఆపరేషన్‌కే మనసుని సిద్ధం చేసుకోండి. ఇది పిల్లల సర్జన్లకి తెలిసిన పని. కడుపుకి ఒక కోత పెట్టి, ముద్దని మొత్తంగా బయటికి తీసి కుట్టేస్తారు. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో పిల్లల సర్జరీ విభాగం ఉంది. ఎక్కడ చేయించినా ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అడ్మిషన్‌కి ముందే ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడగండి.

మత్తు డాక్టరు గారికి ఒక మాట మీరే గుర్తుచేయండి. రాత్రి నుంచి పాప ఏమీ తినకపోయినా కడుపు ఖాళీగా ఉండదని. ముద్ద అడ్డం ఉంటే తిన్నది లోపలే నిలిచిపోతుంది, మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. వాళ్లకి తెలిసే ఉంటుంది, అయినా చెప్పడంలో తప్పులేదు.

7.8 రక్తానికి ఆపరేషన్ ముందే ఏం చేయాలో వాళ్లు చూస్తారు. ఐరన్‌తో పాటు ప్రొటీన్, బి12 కూడా చూడమనండి. ఐరన్ తక్కువైన పిల్లలు తిండి కానివి తింటారు, కడుపులో ముద్ద ఉంటే ఐరన్ ఇంకా పడిపోతుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. పాప బలపాలు, సుద్దముక్కలు, పచ్చి బియ్యం తింటుందేమో కూడా కనుక్కోండి.

పేనుకొరుకుడు విషయం. పేనుకొరుకుడు అయితే మచ్చ గుండ్రంగా, నున్నగా ఉంటుంది, వెంట్రుక మొదలే కనపడదు. పీక్కున్న చోట అలా ఉండదు. పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడండి. ఒకటి గోరంత, ఒకటి వేలంత, ఒకటి మొండిగా తెగి, రకరకాల పొడవుల్లో ఉంటాయి. వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. తను ఏ చేత్తో రాస్తుందో ఆ వైపే ఎక్కువగా ఉండొచ్చు. తేడా పూర్తిగా తేల్చాల్సింది చర్మ డాక్టరే. కానీ దాదాపుగా మీకే తెలిసిపోతుంది.

ఇక పాపని అడగడం. "తింటున్నావా?" అని నిలదీస్తే "లేదు" అనే అంటుంది. మా గదిలో పెద్ద డాక్టరు గారు ఇలా అడిగేవారు: "చాలామంది పిల్లలకి జుట్టు నోట్లో పెట్టుకుంటే హాయిగా ఉంటుందట, నీకు ఎప్పుడు పెట్టుకోవాలనిపిస్తుంది? టీవీ చూసేటప్పుడా, చదివేటప్పుడా, పడుకునే ముందా?" పిల్లలు వెంటనే "పడుకునే ముందు" అనో, "లెక్కలు చేసేటప్పుడు" అనో చెప్పేసేవాళ్లు. తిట్టడం, చేతి మీద కొట్టడం, బంధువుల ముందు చెప్పడం అసలు వద్దు. తనకి తెలియకుండానే చెయ్యి అటు పోతుంది. జుట్టు పీక్కునే పిల్లలందరూ తినరు, తినేవాళ్లందరికీ ఉండ కట్టదు. మీ పాప ఏదో ఘోరం చేసిందని ఎవరినీ అననివ్వకండి.

గుండు గురించి. జుట్టు లేకపోతే కొన్నాళ్లు పీకడానికి దొరకదు, అంతే. అమ్మ జుట్టు, చెల్లి జుట్టు, బొమ్మ జుట్టు, దుప్పటి నూలు తిన్న పిల్లల్ని చూశాను. మీ ఇంట్లో చిక్కు వెంట్రుకలు స్టీలు సామాన్ల వాడికి ఇవ్వడానికి కవర్లో దాచిపెడితే ఆ కవరు ఈ రోజే తీసేయండి. ఆరో తరగతి ఆడపిల్ల గుండుతో బడికి వెళ్లాలా వద్దా అన్నది తననే అడగండి. తనకి ఇష్టమైతే మొక్కు తీర్చుకోండి. లేకపోతే స్వామి ఆగుతాడు.

పచ్చటి వాంతి, గాలీ మలమూ పోకపోవడం, పొట్ట బిగుసుకుని ముట్టుకోనివ్వకపోవడం, జ్వరం, నల్లటి మలం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

చింతల్ శీను:

అక్కా, సిస్టర్ గారు కోక్ గురించి చెప్పింది మా ఇంట్లో జరిగిందే. మా నాన్నకి షుగర్ చాలా ఏళ్లుగా ఉంది, వయసులో ఉన్నప్పుడు అల్సర్‌కి కడుపు ఆపరేషన్ కూడా అయింది. కట్టుడు పళ్లు. ఇవన్నీ కలిస్తే కడుపు మెల్లగా ఖాళీ అవుతుందట. ఆయనకి ములక్కాడలంటే ప్రాణం, నారింజ తొనలు పిప్పితో సహా మింగేస్తారు. సంక్రాంతికి ఊరి నుంచి వచ్చిన తేగలు తిన్నాక వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీలో పచ్చగా పసుపుగా పీచు ముద్ద కనపడింది.

ఆయనకి ఆసుపత్రిలోనే కోలా ఇచ్చారు. సుమారు 3 లీటర్లు, 12 గంటల్లో, కొంచెం కొంచెంగా. షుగర్ పేషెంట్ కాబట్టి చక్కెర లేనిది ఇచ్చారు. మర్నాడు మళ్లీ లోపలికి వెళ్లి, మెత్తబడిన ముద్దని ఉచ్చులాంటి తీగతో ముక్కలు చేశారు. ఇంట్లో ఎందుకు చేయకూడదని నేనే అడిగాను. సగం కరిగిన ముక్క పేగులో ఇరుక్కుంటే వెంటనే చూసేవాళ్లు ఉండాలి అన్నారు.

సూపర్ మార్కెట్లలో ఇప్పుడు పెర్సిమన్ అని టమాటా లాంటి నారింజ రంగు పండు దొరుకుతోంది. అది కూడా ఆయనకి వద్దన్నారు. సరిగా పండని దానిలోని వగరు పదార్థం యాసిడ్‌తో కలిసి గట్టిపడుతుందట, ఆ ముద్దలు కోలాకి కూడా అంత తేలిగ్గా లొంగవట. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే నమిలి పిప్పి ఊసేయమని చెప్పండి. మా నాన్నకి ములక్కాడ ఇప్పుడు గుజ్జు గీసి పప్పులో వేసి పెడుతున్నాం.

మల్కాజిగిరి అక్క:

చెల్లెమ్మా, మా పెద్దమ్మాయికి ఇదే ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తనని అడిగే ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ తర్వాత ముక్కులో గొట్టం ఉంచుతారు, పిల్లలకి దాని మీదే ఎక్కువ కోపం. కడుపు కుట్లు మానేదాకా నోటికి ఏమీ ఇవ్వరు, తర్వాత చెంచాలతో నీళ్లు, జావ, మెత్తటి అన్నం. బాగా చిక్కిపోయిన పిల్లకి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదన్నారు. మావాళ్లు నెయ్యి, గుడ్లు పట్టుకొచ్చి కూర్చున్నా డాక్టర్ల మాటే విన్నాం. తీసిన ముద్దని మీకు చూపిస్తారు. పాపకి చూపించాలా అన్నది తనని అడిగి, అక్కడి డాక్టర్లతో మాట్లాడి నిర్ణయించండి. మా అమ్మాయి చూస్తానంది. చూసి ఏడవలేదు, "ఇంత ఉందా" అంది.

అసలు పని తర్వాత మొదలైంది. సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి వారం వారం వెళ్లాం. ఆవిడ జుట్టు గురించి ఒక్క ఉపదేశం కూడా చేయలేదు. ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి, చెయ్యి తల మీదికి వెళ్లినప్పుడల్లా ఒక గీత పెట్టమన్నారు, పక్కన అప్పుడు ఏం చేస్తోందో రాయమన్నారు. సోషల్ హోంవర్క్ దగ్గరే గీతలన్నీ. అప్పుడు ఆ సమయానికి చేతికి వేరే పని ఇచ్చారు: కోరిక పుట్టగానే పిడికిలి బిగించి పట్టుకోవడం, లేదా మెత్తటి బంతి నొక్కడం. బొటనవేలికీ చూపుడువేలికీ బ్యాండేజ్ పట్టీ చుట్టుకునేది. అది ఉంటే వెంట్రుక పట్టు దొరకదు. నూనె పెట్టి రెండు జడలు బిగించి వేసేదాన్ని. పడుకునేటప్పుడు కాటన్ స్కార్ఫ్. ఏ ఒక్కటీ మంత్రంలా పనిచేయలేదు, అన్నీ కలిసి పనిచేశాయి.

పరీక్షల టైంలో మళ్లీ మొదలైంది, అప్పుడు మళ్లీ మేడమ్ దగ్గరికే వెళ్లాం. అలా మళ్లీ రావడం మామూలేనని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

మావాళ్లలో కొందరు "పిచ్చాసుపత్రికి తిప్పుతున్నారా" అన్నారు. మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరు తిట్టుగా వాడతారు కదా. అక్కడ కూర్చుని మాట్లాడి వచ్చిన పిల్లలు ఎంత తేలికపడి వస్తారో వాళ్లకేం తెలుసు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యం కోసం 14416 టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు ఉంది. ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

కొత్తపేట అమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సీటీ అయింది. కడుపు నిండా ఉందట, తోక కొంచెం చిన్నపేగులోకి దిగిందట. వచ్చే వారం ఆపరేషన్, ఈ లోపు రక్తం ఎక్కిస్తారు.

నిన్న రాత్రి పాప పక్కన పడుకుని సిస్టర్ గారు చెప్పినట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లైటు ఆర్పాక" అంది. మా చిన్నది పుట్టాక తను హాల్లో నాయనమ్మ దగ్గర పడుకుంటోంది, అప్పటి నుంచేనట. వేర్ల దగ్గర తెల్లగా ఉండేది పళ్ల కింద టిక్కుమంటుందని, అది బాగుంటుందని చెప్పింది. నేను ఏమీ అనలేదు, తల నిమిరాను. అత్తయ్య గారు విని, గుండు మాట తనే విరమించుకున్నారు. పాపకి నయమయ్యాక తలనీలాలకి బదులు కొబ్బరికాయలు కొడదామన్నారు.

సర్జన్ గారిని ఇంకా ఏమేం అడగాలి సిస్టర్?

పద్మారావునగర్ సిస్టర్:

అమ్మా, తను అంత వివరంగా చెప్పిందంటే మిమ్మల్ని నమ్మింది. ఆ మాటలు అలాగే ఒక కాగితం మీద రాసుకోండి. లైటు ఆర్పాక, చిన్నది పుట్టాక, వేరు టిక్కుమనడం, ఇవన్నీ సైకాలజిస్టుకి చాలా ఉపయోగపడతాయి. ఈ రాత్రి నుంచే తనని మీ గదిలో పడుకోబెట్టుకోండి.

సర్జన్ గారిని అడగండి: తోక మొత్తం ఒకేసారి వస్తుందా, పేగుకి వేరే కోత అవసరం పడుతుందా, పేగు చివరిదాకా తడిమి విడి ముక్కలు లేవని చూస్తారా? తోక లాగేటప్పుడు తెగితే కింద మిగిలిన ముక్క తర్వాత అడ్డం పడుతుంది, అందుకే ఈ ప్రశ్న. కడుపు గోడలో పుండ్లు ఉన్నాయేమో, ఉంటే ఎన్నాళ్లు మందు వాడాలో కనుక్కోండి. ఇంటికొచ్చాక కుట్టు దగ్గర ఎరుపు, చీము, జ్వరం ఉంటే ఏ నంబరుకి ఫోన్ చేయాలో రాయించుకోండి. మళ్లీ స్కానింగ్ ఎప్పుడో తేదీ అడగండి, ఐరన్ మాత్రలు రక్తం మామూలుకి వచ్చాక కూడా కొన్ని నెలలు వేయాల్సి ఉంటుంది.

చాలాచోట్ల కుట్లు విప్పగానే ఫైలు మూసేస్తారు. మీరు ఒప్పుకోకండి. డిశ్చార్జ్ కాగితంలో సైకియాట్రీ రిఫరెన్స్ రాయించుకుని, మొదటి అపాయింట్‌మెంట్ తేదీ పాప ఇంకా వార్డులో ఉండగానే తీసుకోండి. వీలైతే సైకాలజిస్టుని వార్డుకే వచ్చి ఒకసారి పాపని పలకరించమని అడగండి.